సక్సింక్ట్: ఇరవై ఆరేళ్లు తప్పు చెప్పిన మాట

పోయిన నెల లావణ్య ఫోన్ చేసింది. నేను వదిలేసిన బ్యాచ్‌ని ఇప్పుడు ఆ అమ్మాయే చూస్తోంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంగ్లీషు ఫ్యాకల్టీగా చేరి మూడు వారాలైంది. "మేడం, సక్సింక్ట్ అనే మాటకి మీరు ఒక ట్రిక్ చెప్పేవారట కదా. పాత బ్యాచ్ పిల్లలు అదే అడుగుతున్నారు. ఏంటి మేడం అది?" అంది.

అర్థం అడిగి ఉంటే సంతోషించేదాన్ని. ఎక్కడి నుంచి వచ్చిన మాట అని అడిగి ఉంటే ఇంటికి పిలిచి భోజనం పెట్టేదాన్ని. ట్రిక్ అడిగింది. తప్పు ఆ అమ్మాయిది కాదు. ఆ బల్ల దగ్గర ఎవరు నిలబడినా మూడు వారాల్లో అలాగే తయారవుతారు, నేను రెండు వారాల్లోనే తయారయ్యాను.

"ఫోన్‌లో కుదరదమ్మా, రాసి పంపుతాను" అన్నాను. ఇదే ఆ రాత. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఎవరైనా చదవవచ్చు. ట్రిక్ మాత్రమే కావాలనుకునేవాళ్లకి అదీ ఇందులోనే ఉంది. తీసుకుని వెళ్లిపోవచ్చు, నేనేమీ అనుకోను.

పని అంటే ఏమిటి

మాది గుంటూరు దగ్గర ఊరు. పెళ్లయ్యాక మన్సూరాబాద్ వచ్చి స్థిరపడ్డాం. ఎం.ఏ. ఇంగ్లీషు చదివాను కాబట్టి ఏదో కాలేజీలో నాటకాలు, పద్యాలు చెబుతాననుకున్నాను. దొరికింది కోచింగ్ సెంటర్. మిఠాయి దుకాణం పైన రెండో అంతస్తు, గదికి నూట యాభై మంది. కిటికీ తెరిస్తే బస్సుల హారన్లు, మూస్తే ఊపిరాడదు. తర్వాత మెట్రో వచ్చి గదిలో వెలుతురు తగ్గింది. హారన్లు మాత్రం అలాగే ఉన్నాయి.

బ్యాంకు పరీక్ష, రైల్వే పరీక్ష, పోలీసు పరీక్ష, దేనికైనా మా దగ్గర ఇంగ్లీషు పుస్తకం ఒకటే. అట్ట మార్చేవాళ్లం. అందులో పదమూడో పేజీలో ఒక గడి ఉండేది. క్లుప్తంగా చెప్పడానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయో అన్నీ ఆ గడిలో కూరి, మధ్యమధ్యలో సమానం గుర్తులు పెట్టారు. బ్రీఫ్, టెర్స్, కన్సైజ్, లకానిక్, సక్సింక్ట్. ఒకటి ప్రశ్నలో వస్తే ఇంకొకటి జవాబులో గుర్తు పెట్టాలి. అంతకు మించి ఆ మాటలతో ఎవరికీ పని లేదు. అవన్నీ ఒకటే అయితే ఇంగ్లీషువాళ్లు అయిదు మాటలు ఎందుకు పెట్టుకున్నారని ఒక్కరూ అడగలేదు. అడగాల్సిన మొదటి మనిషిని నేను. నేనూ అడగలేదు.

మా డైరెక్టర్ పేరు యాదగిరి. కర్మన్‌ఘాట్ పాత కుటుంబం. పొలాలు ప్లాట్లయ్యాక ఈ సెంటర్ పెట్టాడు. మనిషి చెడ్డవాడు కాదు, మాట సాయానికి ముందుండేవాడు. చదువును మాత్రం కొత్త వియ్యంకుడిని చూసినట్టు చూసేవాడు, మర్యాదగా, కొంచెం దూరంగా. క్లాసు గుమ్మం దగ్గర నిలబడి నేను ఏ మాటకైనా రెండు నిమిషాలు తీసుకుంటే గడియారం చూపించేవాడు.

"మేడం, జర షార్ట్ల చెప్పుండ్రి" అనేవాడు. "సక్ అంటే పీల్చుడు. సింక్ అంటే మునుగుడు. పీల్చి ముంచితే ఏమైతది? చిన్నగైతది. అయిపాయె, సక్సింక్ట్. ఇగ జన్మల మరువరు."

ఇదే, లావణ్యా, ఆ ట్రిక్. ఆరోజు నాకు నవ్వొచ్చింది. మర్నాడు అదే క్లాసులో చెప్పాను. నూట యాభై గొంతులు ఒక్కసారి "పీల్చి ముంచితే చిన్నగైతది" అని అరిచాయి. నిజంగానే ఎవరూ మరవలేదు. కూరగాయల బండి దగ్గర పాత విద్యార్థులు కనిపిస్తే నమస్కారం కంటే ముందు ఆ ట్రిక్ చెప్పేవాళ్లు. ఆ మాటతో ఒక వాక్యం చెప్పమంటే తల గోక్కునేవాళ్లు. గుర్తుండటం వేరు, తెలియడం వేరు అని స్టాఫ్ రూంలో వాదించిన ఫ్యాకల్టీ ఒకరిద్దరు లేకపోలేదు, కానీ వాళ్లు ఎక్కువ కాలం ఉండలేదు. నేను ఇరవై ఆరేళ్లు ఉన్నాను. దాన్ని బట్టే నేనేం వాదించానో మీకు అర్థమవుతుంది.

కత్తెర మేడం

తర్వాత ఇంటర్వ్యూ బ్యాచ్ నాకు అప్పగించారు. రాత పరీక్ష నెగ్గినవాళ్లు వచ్చేవాళ్లు. మీ గురించి చెప్పండి అంటే ఒకాయన తాతగారి పొలం తగాదా దగ్గర మొదలుపెట్టాడు, ఇంకొకామె ఎల్‌కేజీ నుంచి చదివిన బడులన్నీ చెప్పింది. వినలేక నేను ఒక సూత్రం పెట్టాను. ఏ ప్రశ్నకైనా మూడు వాక్యాలు, నలభై సెకన్లు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, చేతిలో ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చునేదాన్ని. చివర్లో ఇంటర్వ్యూ బోర్డువాళ్లు ఇంకేమైనా చెబుతారా అని అడిగితే ఒకటే జవాబు, నో సర్, థాంక్యూ. వాళ్లు తలుపు మూస్తుంటే మీరు కాలు అడ్డం పెట్టకండి అనేదాన్ని. పిల్లలు నాకు కత్తెర మేడం అని పేరు పెట్టారు. వినపడనట్టు నటించేదాన్ని గానీ, లోపల మహా సంతోషంగా ఉండేది.

కొందరికి ఉద్యోగాలు వచ్చాయి. వాళ్ల ఫొటోలు ఎల్‌బీ నగర్ చౌరస్తా దాకా ఫ్లెక్సీల్లో వేలాడాయి. ఉద్యోగం వచ్చినవాళ్లు నా సూత్రం వల్ల గెలిచారని, రానివాళ్లు సూత్రం పాటించక ఓడారని నేను తేల్చేసుకున్నాను. ఇలా అనుకుంటే ఏ గురువూ ఎన్నడూ తప్పు చేయడు. మా వీధిలో అలాంటి గురువులు మిద్దెకు నలుగురు చొప్పున ఉండేవాళ్లు, ఇప్పటికీ ఉన్నారు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. మూడు వాక్యాల సూత్రం బోర్డు కోసం పుట్టింది కాదు, నా కోసం పుట్టింది. ఒక పూటలో అరవై మంది చేత మాక్ ఇంటర్వ్యూ చేయించాలి. మనిషికి మూడు నిమిషాలు దక్కితే గొప్ప. అందులో పిల్లలు ఎక్కువ మాట్లాడితే నాకు బస్సు తప్పిపోతుంది. ఆ ఇబ్బందికి నేను పెట్టుకున్న ఏర్పాటును పెద్ద శాస్త్రంలా నల్లబల్ల మీద రాసి, కింద గీత గీసి, దానికి సక్సింక్ట్ అని పేరు పెట్టాను. అప్పట్లో ఎవరైనా నాతో ఈ మాట అని ఉంటే వాళ్లతో మాటలు మానేసేదాన్ని.

స్వరూప

స్వరూపది బాటసింగారం. విజయవాడ హైవే మీద పండ్ల మార్కెట్ వచ్చిన ఊరు. మార్కెట్‌లో మైకు గది ఒకటుంది. లారీలను వరస ప్రకారం గేటు దగ్గరికి పిలవడం, డ్రైవర్లకు కబుర్లు అందించడం, తప్పిపోయినవాళ్లను పిలవడం అక్కడి పని. ఆ పని మూడేళ్లుగా స్వరూప చేస్తోంది, కాంట్రాక్టర్ కింద. రేపు రావద్దు అంటే రాకూడని ఉద్యోగం. ఒక సంస్థలో ప్రజా సంబంధాల సహాయకురాలి పోస్టుకు రాత పరీక్షలో చాలా మంచి మార్కులు తెచ్చుకుని నా దగ్గరికి వచ్చింది. వయసు పరిమితి ఆ ఏడాదితో అయిపోతుంది. ఈసారి తప్పితే ఇక ఆ పరీక్ష రాసే హక్కే ఉండదు. ఈ సంగతి మొదటి రోజే చెప్పింది. నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా.

మాక్ ఇంటర్వ్యూలో నేను బోర్డు చైర్మన్ పాత్ర. "జనంతో మాట్లాడిన అనుభవం ఏదైనా చెప్పు" అన్నాను. ఇంగ్లీషులో రెండు ముక్కలు మొదలుపెట్టి, తడబడి, "తెలుగుల చెప్పనా మేడం, తరువాత ఇంగ్లీషుల చెప్త" అంది. సరే అన్నాను. స్టాప్‌వాచ్ నొక్కాను.

"ఒకదినం నాగ్‌పూర్ కమలాల లారీ డ్రైవర్‌కు ఇంటి నుంచి ఆఫీసుకు ఫోనొచ్చింది మేడం. వాళ్ల నాయిన సచ్చిపోయిండంట. ఆయన ఫోనేమో బంద్ ఉంది. మైకుల పిలవాలె. అందరు ఇనంగ గా ముచ్చట ఎట్ల చెప్త? ఉత్తగ రమ్మంటే రారు. లారీ ఇడిసిపెట్టి ఒస్తే లైన్ పోతదని భయం. నా ముందటి డ్యూటీ ఆయన రెండుసార్లు పిలిచిండు, రాలే. మల్ల నేను మైకు తీస్కున్న. కమలాల లారీ భయ్యా, ఒక్కసారి మైకు రూముకు రా, నీ లైన్ పోదు, లోడు మేం దించిపిస్తం అని చెప్పిన. హిందీల, తెలుగుల రెండిట్ల చెప్పిన. రెండు నిమిషాలల్ల ఒచ్చిండు. కూసోబెట్టి, నీళ్లిచ్చి, అప్పుడు చెప్పిన. అటు దిక్కు పోయే ఇంకో లారీల ఎక్కిచ్చినం. వాళ్ల నాయిన మట్టి టైంకు అందిండంట."

స్టాప్‌వాచ్ ఆపాను. నిమిషం యాభై సెకన్లు. వెనక బెంచీలో ఎవరూ కదలడం లేదు. అది నాకు అప్పుడు కనిపించింది, ఇప్పుడు కూడా కళ్లముందే ఉంది. అయినా నేను చూసింది ఫోన్‌లో అంకెలే.

"కథ బాగుందమ్మా, ఇంటర్వ్యూకి పనికిరాదు" అన్నాను. ఎర్ర పెన్నుతో ఆ మొత్తాన్నీ ఒక్క వాక్యం చేశాను. నాకు బహుభాషా సమాచార రంగంలో అనుభవం ఉంది అని ఇంగ్లీషులో. ఇప్పుడు చదువుకుంటే చెవుల్లో సీసం పోసుకున్నట్టుంది.

గుమ్మం దగ్గర యాదగిరి సార్ ఉన్నాడు. "అది గూడ తీసేయుండ్రి మేడం. ఏం అనుభవం అని ఎన్కకెల్లి అడుగుతరు. పండ్ల మార్కెట్ల మైకు పట్టిన అంటే ఏమన్న ఇజ్జత్ ఉంటదా?"

ఆయన అన్నాడు, నేను తీసేశాను. దాని స్థానంలో డిగ్రీ అయినప్పటి నుంచి పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్నాను అని రాశాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ మెట్ల మీద ఏ పిల్లను ఆపి అడిగినా ఆ వాక్యమే చెబుతుంది.

స్వరూప కాగితం తీసుకుని చదువుకుంది. "మేడం, అన్ని తీసేస్తే దీంట్ల నేనేడున్న?" అంది.

"నువ్వు ఉద్యోగంలో ఉంటావు" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఎంత చురుగ్గా జవాబు చెప్పానో అని ఆ సాయంత్రం ఇంటికెళ్లి మా ఆయనకు కూడా చెప్పుకున్నాను.

ఆ గదిలో ఏం జరిగింది

ఇంటర్వ్యూ అయిన మర్నాడు స్వరూప సెంటర్‌కు వచ్చింది. మెట్ల మీదే నిలబడి చెప్పింది. బోర్డులో ముగ్గురున్నారట. చైర్మన్ పెద్దాయన, నెమ్మదస్తుడు. డిగ్రీ అయ్యాక ఇన్నేళ్లు ఏం చేశావమ్మా అని అడిగారు. పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్నాను అంది. జనం మధ్య ఏదైనా పని చేశావా అన్నారు. నేర్చుకోవాలని ఉత్సాహం ఉంది సర్ అంది. అదీ నేను రాసిచ్చిందే. మీది బాటసింగారం కదా, అక్కడ పెద్ద మార్కెట్ ఉంది కదా, దాని గురించి చెప్పు అన్నారు. బాటసింగారం జాతీయ రహదారి మీది గ్రామం, అక్కడ పండ్ల మార్కెట్ ఉంది అంది. ఆయన, ఇంకేమైనా చెబుతావా అన్నారు. నో సర్, థాంక్యూ అంది.

ఆ పెద్దాయన మూడుసార్లు తలుపు తెరిచి, నాలుగోసారి పక్కకు తప్పుకుని దారి కూడా ఇచ్చాడు. మా పిల్ల నాలుగుసార్లూ వినయంగా మూసి వచ్చింది. ఎవరు నేర్పారో చెప్పక్కర్లేదు.

వింటున్నంతసేపూ నాకు తప్పు తట్టలేదు. "నలభై సెకన్లు దాటలేదు కదా?" అన్నాను. దాటలేదంది. "శభాష్" అన్నాను.

"ఆఖర్ల ఆయన నవ్వి, వెరీ సక్సింక్ట్ అన్నడు మేడం. అంటే ఏంది? మంచిగన్నడా?"

"మంచిగానే అన్నారమ్మా. పదమూడో పేజీ గుర్తుంది కదా."

ఫలితాలు వచ్చాయి. జాబితాలో స్వరూప పేరు లేదు. రాత పరీక్షలో ఆమె కంటే బాగా వెనకబడ్డవాళ్లు లోపలికి వెళ్లారు. స్వరూప ఇంటర్వ్యూ మార్కులు చూసి నేను కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. హాజరైనందుకు ఇచ్చే మార్కులవి. స్వరూప మా సెంటర్ గుర్తింపు కార్డు తిరిగి ఇచ్చేసి, మైకు గదిలో పొద్దున డ్యూటీ ఉందని వెళ్లిపోయింది. సాధారణంగా ఓడినవాళ్లు ఏడుస్తారు, లేదా మమ్మల్ని తిడతారు. రెండింటికీ మా దగ్గర జవాబులుండేవి. ఏమీ అననివాళ్లకు ఏం చెప్పాలో మాకు తెలియదు.

నిఘంటువు

ఆ వారం నేను మా ఇంట్లో అటక మీద ఉన్న పెద్ద నిఘంటువు దింపాను. ఎం.ఏ. రోజుల్లో కోఠీలో పాత పుస్తకాల దగ్గర కొన్నది. ఎందుకు దింపానో నిజం చెబుతాను, సత్యం తెలుసుకోవడానికి కాదు. ఆ చైర్మన్ ఆ మాటను తప్పుగా వాడాడని రుజువు చేసుకోవడానికి. క్లుప్తంగా మాట్లాడిన పిల్లను క్లుప్తంగా మాట్లాడావు అని మెచ్చుకుని మార్కులు వేయకపోవడం ఏమిటని నా కోపం.

అర్థం కింద చతురస్రపు బ్రాకెట్లో మాట పుట్టుక ఉంటుంది. ఇరవై ఆరేళ్లలో ఆ బ్రాకెట్లోకి ఒక్కసారి తొంగి చూడలేదు. పరీక్షలో రాదు కదా మరి. సక్సింక్ట్ లాటిన్ నుంచి వచ్చింది. కింద నుంచి అనే ముక్క, నడుముకు బిగించి కట్టడం అనే ముక్క, రెండూ కలిసి ఆ మాట అయింది. రోమన్లవి పొడుగాటి బట్టలు. పని చేయాలన్నా, నడిచి దూరం వెళ్లాలన్నా కింద జీరాడే గుడ్డను పైకి లాగి నడికట్టులో దోపుకునేవాళ్లు. అలా ఎగ్గట్టుకున్న మనిషిని అనే మాట అది. ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో కూడా బట్ట కట్టు గురించే వాడారు. మాట కట్టు గురించి వాడటం తర్వాత మొదలైంది.

నేను పుట్టింది వరి పొలాల మధ్య. నాట్లకు దిగే ఆడవాళ్లను చిన్నప్పటి నుంచి చూశాను. కుచ్చిళ్లు ఎత్తి నడుములో దోపి, కొంగు బిగించి బురదలో అడుగు పెడతారు. చీర ఎగ్గట్టుకుంటారు గానీ కోసుకోరు. గట్టు ఎక్కాక దించుకుంటే ఆరు గజాలూ అక్కడే ఉంటాయి. పొలంలో దిగే ప్రతి ఆడమనిషికీ తెలిసిన సంగతి ఇది. ఎం.ఏ. చదివిన నాకు యాభై ఎనిమిదో ఏట నిఘంటువులో చూస్తే తెలిసింది.

పేజీలు తిప్పి కన్సైజ్ చూశాను. అదీ లాటినే. కోయడం, నరికి వేరు చేయడం అనే మాట నుంచి పుట్టింది. అంటే కత్తెర ఉన్న మాట వేరే ఉంది. మా పదమూడో పేజీలో ఆ రెంటినీ పక్కపక్కన నిలబెట్టి మధ్యలో సమానం గుర్తు పెట్టాం. నేను నల్లబల్ల మీద సక్సింక్ట్ అని రాసి చేసిందంతా కోత. స్వరూప చెప్పిన నిమిషం యాభై సెకన్లలో ఏ ముక్క ఎగ్గట్టాలో చెప్పడం నా పని. ఫోన్ బంద్ ఉండటం, ముందటాయన పిలవడం లాంటివి కొంచెం పైకి దోపితే ఆ సంగతి యాభై సెకన్లలో అందేది. నీ లైన్ పోదు, లోడు మేం దించిపిస్తం అన్న మాట మాత్రం ఉండాలి. ఆ డ్రైవర్‌ను లారీ దింపింది ఆ మాటే. ఆ బోర్డును కదిలించాల్సింది కూడా ఆ మాటే.

మర్నాడు నిఘంటువు సంచిలో వేసుకుని మోసుకెళ్లి యాదగిరి సార్ బల్ల మీద పెట్టాను. అంతా చెప్పాను. పదమూడో పేజీ మార్చాలన్నాను.

ఆయన ఓపిగ్గా విన్నాడు. "ఇది ఎగ్జామ్ల ఒస్తదా మేడం?"

"రాదు."

"మరి ఇడిసిపెట్టుండ్రి."

ఆ ఏడాది చివర్లో నేను మానేశాను. ఎందుకు మానేశావని అడిగిన వాళ్లకు మోకాళ్ల నొప్పులని చెప్పాను. పదమూడో పేజీ అలాగే ఉంది. లావణ్య బల్ల మీద ఉన్నది అదే.

బాటసింగారం

మానేశాక కూడా స్వరూప దగ్గరికి వెళ్లడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. తప్పు ఒప్పుకోవడానికి అంత టైం ఎందుకు అంటే, మాటలు వెతుక్కున్నాను. పిల్లలకు నలభై సెకన్లు ఇచ్చిన మనిషిని, నాకు మాత్రం నాలుగు నెలలు ఇచ్చుకున్నాను.

ఒకరోజు పొద్దున్నే ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కి మార్కెట్ దగ్గర దిగాను. బత్తాయిల కాలం. గేటు లోపల లారీలు, గడ్డి, కుళ్లిన తొక్కల వాసన. పైన స్తంభాలకు కట్టిన మైకుల్లోంచి గొంతు వినిపించింది. చూడకముందే గుర్తు పట్టాను.

"నల్గొండ బత్తాయి లారీ, నీలం క్యాబిన్. మూడో గేటు నీదే. నీ ముంగట ఇంక రెండున్నయ్, చాయ్ తాగి రా."

తర్వాత అదే హిందీలో. నేను అక్కడే నిలబడి మనసులో ఎర్ర పెన్ను తీశాను, పాత అలవాటు. చాయ్ తాగి రా అనేది కొట్టేయాలనిపించింది. మైకు గది మెట్లెక్కి, స్వరూప కుర్చీ లాగి వేశాక, మొదట అదే అడిగాను. అంత మర్యాద లారీవాళ్లకు అవసరమా అన్నాను.

"మర్యాద కాదు మేడం. గట్ల అనకపోతే ఇప్పుడే లారీ తీస్తడు. గేటు ముంగట అడ్డం పెడ్తడు. ఎన్కకెల్లి పది లారీలు జామైతయ్. చాయ్ తాగి రమ్మంటే ఎంత సేపుందో ఆయనకు సమజైతది."

నాలుగు ముక్కల్లో గేటు, గుర్తు, వరస, వ్యవధి అన్నీ ఉన్నాయి. ఏదీ కోయలేదు. ఈ పిల్లకు నేను క్లుప్తత నేర్పబోయాను. నా మీద నాకు అసహ్యం వేసింది, ఆ మాటను మెత్తబరచడం నాకిష్టం లేదు.

తెచ్చుకున్న మాటలు మొదలుపెట్టాను. కోచింగ్ ప్రపంచం ఎలా పని చేస్తుందో చెప్పాను. అరవై మంది సంగతి, యాదగిరి సార్ సంగతి, ఇజ్జత్ సంగతి చెప్పాను. నిఘంటువు, రోమన్ల బట్టలు, మా ఊరి నాట్ల దాకా వచ్చాను. స్వరూప వింటూనే కిటికీ అద్దంలోంచి గేటు వైపు చూస్తోంది. కింద ఎవరో డ్రైవర్ హారన్ కొట్టాడు. ఇంకొకడు అందుకున్నాడు.

"మేడం, మనసుల పెట్టుకోకుండ్రి" అంది చేయి మైకు బటన్ మీద పెట్టి. "జర షార్ట్ల చెప్పుండ్రి. లారీలు ఆగినయ్."

నాలుగు నెలలు తయారు చేసుకున్నదంతా పక్కన పెట్టాను. అందులో నా సాకులన్నీ తీసి చూసుకుంటే మిగిలింది కొంచెమే.

"నీ ఉద్యోగం నా వల్ల పోయిందమ్మా. తప్పు నాది, నీది కాదు."

స్వరూప నా వైపు తిరిగి చూసింది.

"ఎరుకే మేడం" అంది.

బటన్ నొక్కి, తర్వాతి లారీని పిలిచింది.